నిబంధనయు వివేకమును

జలాశయపు గేట్ల నెత్తు నింజనీరు వ్రాతలోనున్న నిబంధనను బట్టి నడువవలయునా, కన్నులయెదుటి వరదను బట్టి నడువవలయునా? కర్నూలు కడప జిల్లాల వారికి ఇది పండితచర్చ కాదు, ప్రాణసమస్య.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. ఆ దినములలో శ్రీశైలమునకు వచ్చిన వరద సుమారు 25 లక్షల క్యూసెక్కులు. ఆనకట్ట కట్టునాడు లెక్కించినది 19 లక్షలు. పూర్తిమట్టము 885 అడుగులు కాగా, నీరు సుమారు 896 అడుగుల కెక్కెను. జలాశయమును ముందే కొంత ఖాళీ చేయవలసినదని పలువురు విమర్శించిరి. కాని వానకాలపు చివర నీటిని విడిచిన పిమ్మట వరద రాకున్న నేమగును? పోతిరెడ్డిపాడు కాలువకు నీరు చాలదు, బ్రహ్మంసాగరము నిండదు, సీమ పైరు లెండును. ఈ రెండు భయముల నడుమ ఇంజనీరు నిలిచియున్నాడు.

అణువిద్యుత్కేంద్రములవారు ఈ చిక్కును మనకంటె ముందే యెదుర్కొనిరి. 1979 మార్చి 28వ తేదీన అమెరికాలోని త్రీమైల్ ఐలండు కేంద్రమున ఒక కవాటము మూసికొనక నీరు పోవుచుండెను. నియంత్రణగదిలోనివారు నీరెక్కువైనదని భ్రమించి, తాము నేర్చిన నియమము ననుసరించియే, అత్యవసరపు నీటిని తగ్గించిరి. ఇంధనము సుమారు సగము కరగిపోయెను. పిమ్మట నిబంధనలను మార్చి వ్రాసిరి. ఏ ప్రమాదము జరిగినదో ముందుగా గుర్తింపుమనుట మాని, కనబడు లక్షణములనుబట్టి చేయవలసినదానిని చెప్పిరి. రోగము పేరు తేలకముందే వైద్యుడు నాడి చూచి ప్రాణము నిలుపుట వంటిది ఈ పద్ధతి.

మన ఆనకట్టలకును ఇదియే తగునని మా యభిప్రాయము. మట్టమింత, ప్రవాహమింత, ఎగువనుండి వచ్చు వర్తమానమిట్టిది యైనచో ఇన్ని గేట్లెత్తవలయునని స్పష్టముగా వ్రాయవలయును. ఆ వ్రాత చాలనిచోట, పైయుత్తరువునకై వేచియుండక నిర్ణయించు నధికారము అక్కడి ఇంజనీరున కుండవలయును. అతడు కారణమును వెంటనే వ్రాసి పెట్టవలయును. కారణము సరియైనదైనచో, ఫలితము చెడినను అతనిని దండింపరాదు. దండనభయము గలవాడు వరదను గాక పైయధికారి ముఖమును చూచును.

అయినను గేటు కదలనిచోట నిబంధన యేమి చేయును, వివేకమేమి చేయును? 2021 నవంబరు 19వ తేదీన నాటి కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు, అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. దిగువ గ్రామములలో అనేకులు ప్రాణములు గోల్పోయిరి.

కావున ప్రతి వానకాలమునకు ముందును ప్రతి గేటును ఎత్తి చూపవలయును. నిబంధనలను తెలుగున అచ్చువేసి దిగువ గ్రామములకు పంపవలయును. నీటికై అర్జీలు పెట్టుకొను రైతులు దీనికై యును అర్జీ పెట్టుట తమ కర్తవ్యమని గ్రహింతురుగాక.