ఫోన్ మారింది సరే.. ఆ పట్టు ఏమైంది? పబ్జీలో నేర్చిన విద్యలు బీజీఎంఐలో మరిచిపోతున్న కుర్రాళ్లు!

మలికిపురం సెంటర్‌లో సాయంత్రం ఆరు దాటాక నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని తలలు వంచుకున్నారంటే, అది బీజీఎంఐ స్క్వాడే అనుకోవచ్చు. పారాచూట్ దిగిన రెండు నిమిషాలకే ఒకడు 'నాక్ అయ్యాన్రా' అంటాడు.. ఇంకొకడు 'ఉండు, వస్తున్నా' అని పరిగెత్తి వాడి పక్కనే పడతాడు. ఐదో నిమిషానికల్లా నలుగురూ లాబీలో! 'ఫోన్ హ్యాంగ్ అయింది', 'పింగ్ వంద దాటింది'.. కారణాలు మాత్రం రెడీ. అవి పూర్తిగా అబద్ధాలేం కాదు. కానీ 2 జీబీ ర్యామ్ ఫోన్లలో పబ్జీ ఆడిన పాత తరానికీ ఈ కష్టాలన్నీ ఉన్నాయి. అయినా వాళ్లు చివరి సర్కిల్ దాకా వెళ్లేవారు. ఎలా?

అసలు ఈ రెండు ఆటల సంగతేంటంటే.. పబ్జీ మొబైల్ 2018 మార్చిలో వచ్చింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. ఆ తర్వాత క్రాఫ్టన్ సంస్థ మన దేశం కోసమే బీజీఎంఐని 2021 జులై 2న విడుదల చేసింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. నిజానికి సీక్వెల్ అని చెప్పుకోదగ్గది 2021 నవంబర్‌లో వచ్చిన న్యూ స్టేట్. అది మన దగ్గర పెద్దగా పట్టు దొరకబుచ్చుకోలేదు. కుర్రాళ్ల లెక్కలో పబ్జీకి వారసుడు బీజీఎంఐనే. మ్యాప్ అదే, తుపాకులు అవే.. మారింది ఆడే తీరు.

ఇప్పటి ఆటగాడు ప్రాక్టీస్ చేసేది ఎక్కువగా టీడీఎంలో. అంటే నలుగురికి నలుగురు, ముందుగా 40 కిల్స్ కొట్టిన జట్టుదే గెలుపు. చస్తే కొన్ని సెకన్లలో మళ్లీ బతుకుతారు. జోన్ లేదు, దాక్కునే పని లేదు. అది అయ్యాక లివిక్. రెండు కిలోమీటర్ల చదరం, 52 మంది, పావుగంటలో ఆట ముగింపు. వంద మందితో ఎనిమిది కిలోమీటర్ల ఎరాంగెల్‌లో అరగంట ఓపిక పట్టే వాళ్లు తగ్గిపోయారు. పైగా చనిపోయిన టీమ్‌మేట్‌ను వెనక్కి తెచ్చే రీకాల్ వచ్చాక చావంటే భయమే పోయింది.

దీనివల్ల లాభం లేదా అంటే ఉంది. గైరోస్కోప్‌తో ఎదురెదురు ఫైట్‌లో గురి తప్పకుండా స్ప్రే కొట్టడంలో ఈ తరం పాత వాళ్లకంటే చాలా ముందుంది. అయితే చిక్కు కూడా అక్కడే. ఎదురెదురు ఫైట్ అంటే ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య పోటీ. అవతలివాడు ఐప్యాడ్‌లోనో, 90, 120 ఫ్రేమ్‌లు ఇచ్చే ఖరీదైన ఫోన్‌లోనో ఆడుతుంటాడు. ఇవతల పదిహేను వేల ఫోను, కొబ్బరి తోటల మధ్య ఒకటి రెండు గీతల సిగ్నల్. ఇద్దరూ ఒకేసారి ఎదురుపడితే ఎవరు ముందు పడతారో చెప్పక్కర్లేదు. ఖరీదైన ఫోన్ అక్కర్లేని విద్యలు వేరే ఉన్నాయి. మరిచిపోయింది సరిగ్గా వాటినే!

ఆఖరి పంటు లెక్క

వాటిలో మొదటిది జోన్ లెక్క. తెల్ల గీత కనిపించగానే ఎటు వెళ్లాలో, ఎప్పుడు బయల్దేరాలో, దారిలో ఎక్కడ ఆగాలో పబ్జీ రోజుల్లో స్క్వాడ్ లీడర్ అప్పుడే తేల్చేసేవాడు. ఇప్పుడు నీలి గోడ వెనక నుంచి తరుముకొచ్చే దాకా లూట్ చేస్తూనే ఉంటున్నారు.

ఎరాంగెల్ దక్షిణాన మిలిటరీ బేస్ ఉన్న దీవినే తీసుకోండి. లూట్ బ్రహ్మాండంగా దొరుకుతుంది. కానీ జోన్ ఉత్తరానికి పోతే దాటడానికి ఉన్నవి రెండే వంతెనలు. ఆలస్యమైతే ఆ వంతెనల మీద ఎవరో ఒకరు కార్లు అడ్డంపెట్టి కాచుకుని ఉంటారు. ఈత కొట్టాలంటే నీళ్లలో తుపాకీ పేలదు. ఇది కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు వెళ్లిపోయాక నరసాపురం చేరాలంటే దిండి వెళ్లి, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాల్సిందే. ఊళ్లో టైమ్ చూసుకుని రేవుకు బయల్దేరేవాడు ఆటలో మాత్రం ఆ జాగ్రత్త మరిచిపోతున్నాడు!

ముందుగా కదిలితే ఇంకో లాభం. సర్కిల్‌లో మంచి ఇల్లో, గుట్ట పక్కన రాయో ముందే దక్కుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఖాళీ మైదానంలో పరిగెత్తాలి. అప్పుడు 30 ఫ్రేమ్‌ల ఫోన్ పట్టుకున్నవాడు కూడా నింపాదిగా గురి చూసి కొట్టొచ్చు. నడి సర్కిల్ దొరక్కపోతే అంచున ఆడటం ఇంకో పద్ధతి. వెనక నీలి గోడ దగ్గరగా ఉంటే అటునుంచి వచ్చేవాళ్లు తక్కువ. కాబట్టి చూడాల్సిన దిక్కులు తగ్గుతాయి. మొదటి జోన్లలో గోడ బయట ఉన్నా నష్టం కొంచెమే. చివరి జోన్లలో మాత్రం సెకన్లలో ప్రాణం పోతుంది. ఈ తేడా తెలియక మొదట్లో కంగారుపడి, చివర్లో తాపీగా ఉండేవాళ్లు బోలెడుమంది.

చెవులు ఎక్కడ పెట్టారు?

రెండోది వినడం. అడుగుల చప్పుడు, తలుపు తీసిన శబ్దం, మేడ మెట్ల మీద నడక.. ఇవన్నీ హెడ్‌ఫోన్స్‌లో కుడి ఎడమలతో సహా తెలుస్తాయి. ఇప్పుడు నలుగురూ మైక్ ఆన్ చేసి ఒకేసారి అరుస్తుంటే ఏం వినపడుతుంది? మినీ మ్యాప్‌లో గుర్తు కనిపిస్తుంది కదా అనొచ్చు. శత్రువు ఏ వైపు ఉన్నాడో అది చెబుతుంది. పై అంతస్తులో ఉన్నాడా, కింద ఉన్నాడా అన్నది చాలాసార్లు చెవే పట్టుకోవాలి.

తుపాకీ చప్పుడు కూడా సమాచారమే. అవతల మోగింది కార్98 అయితే, ఒక్కో తూటాకు బోల్ట్ లాగాలి కాబట్టి మధ్యలో కాస్త వ్యవధి ఉంటుంది. తూటా పక్కనుంచి పోగానే చెట్టు దాటి పరిగెత్తడం పాతవాళ్లకు అలవాటు. అదే ఎం416 అయితే కదలకుండా కూర్చునేవారు. ఇలా వినాలంటే ముందు మనం చప్పుడు చేయకూడదు. ఇంట్లోకి వెళ్లాక పరుగు మానేసి మెల్లగా నడవడం, అనవసరంగా గెంతకపోవడం.. టీడీఎంలో వీటికి విలువే లేదు కాబట్టి వేళ్లకు ఆ అలవాటే పోయింది.

బ్యాగ్ నిండా తూటాలే

ఇప్పటి బ్యాగ్ తెరిచి చూస్తే మూడు నాలుగు వందల తూటాలు, ఒకే ఒక్క స్మోక్. అదీ నాక్ అయిన స్నేహితుడి మీద వేస్తారు. పొగలో ఇద్దరూ ఉన్నారని అవతలివాడికి తెలిసిపోతుంది. గుడ్డిగా స్ప్రే కొట్టినా ఒక తూటా తగులుతుంది. స్మోక్ వేయాల్సింది శత్రువుకూ మనకూ మధ్యలో. దొరికితే శత్రువు ముఖం ముందే. కమ్ముకునే దాకా కాసేపు ఆగి, అప్పుడు కదలాలి. రెండు మూడు స్మోక్‌లు వరుసగా వేస్తే ఖాళీ పొలంలో కూడా దారి ఏర్పడుతుంది.

మందుల సంగతీ అంతే. ఫస్ట్ ఎయిడ్ కిట్ 75 దాకానే లైఫ్ నింపుతుంది. మిగతాది నింపేవి ఎనర్జీ డ్రింక్, పెయిన్‌కిల్లర్. మొదటిది 40, రెండోది 60 చొప్పున బూస్ట్ ఇస్తాయి. బూస్ట్ బాగా నిండితే లైఫ్ మెల్లగా పెరగడమే కాదు, పరుగు వేగమూ కాస్త పెరుగుతుంది. అందుకే వీటిని ఫైట్‌కు ముందే వాడాలి. చాలామంది చనిపోయాక వాళ్ల క్రేట్‌లో ఇవి చెక్కుచెదరకుండా దొరుకుతుంటాయి!

పబ్లిక్ మ్యాచ్‌లో ఈ లోపాలు బయటపడవు. ఎందుకంటే అక్కడ బాట్‌లు ఉంటాయి. పది కిల్స్ అని స్క్రీన్‌షాట్ పెట్టినవాటిలో సగం బాట్‌లే కావచ్చు. టోర్నమెంట్‌లో బండారం బయటపడుతుంది. 2024 జూన్ చివర్లో హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన బీజీఐఎస్ ఫైనల్స్‌లో టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. అలాంటి పోటీల్లో 16 జట్లు తలపడతాయి. చిన్న సర్కిల్‌లోకి కూడా బోలెడన్ని జట్లు బతికి వస్తాయి. కిల్‌కు పాయింటు ఒకటైతే, మ్యాచ్ గెలిచిన జట్టుకు అదనంగా 10 పాయింట్లు. కిల్స్ కావాల్సిందే, కానీ ముందే చస్తే అవెక్కడి నుంచి వస్తాయి? ఊళ్లో కస్టమ్ రూమ్ పెట్టుకుని ఆడే కుర్రాళ్లు దెబ్బతినేదీ ఇక్కడే.

ఇంకో అడ్డంకి టైమ్. 2023లో ఆట తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, మిగతావాళ్లకు ఆరు గంటలు అని పరిమితి పెట్టారు. చదువుకునే పిల్లలకు అసలు మూడు గంటలే ఎక్కువ. ఉన్న టైమ్‌లో ఒక్క ఎరాంగెల్ మ్యాచ్ అయినా, మాట్లాడేది ఒక్కడే అన్న షరతుతో ఆడి చూస్తే తేడా తెలుస్తుంది. దిగే ముందే జోన్ చూసే బాధ్యత ఒకడికి అప్పగించాలి. తలా మూడు స్మోక్‌లు దొరికే దాకా రెండో తుపాకీకి తూటాలు ఏరకూడదు. ఓడిపోతే ఎక్కడ ఆలస్యమైందో మ్యాప్ తెరిచి చూసుకోవాలి.

నేర్పే అన్నయ్యలు ఊళ్లో లేకపోవడం కూడా ఓ కారణమే. రాజోలు, మలికిపురం ప్రాంతాల నుంచి ఎంతోమంది కువైట్, దుబాయ్ వెళ్లారు. వాళ్లలో పబ్జీ నాటి స్క్వాడ్ లీడర్లూ ఉన్నారు. అక్కడ వాళ్లు ఆడేది గ్లోబల్ పబ్జీ, ఇక్కడ తమ్ముళ్లు ఆడేది బీజీఎంఐ. రెండు ఆటల వాళ్లూ ఒకే లాబీలోకి రాలేరు. వాళ్ల సలహా కావాలంటే డ్యూటీ దిగాక ఫోన్ చేసి అడగాల్సిందే.