నివాసగృహమునకు మరమ్మతులు – కుటుంబారోగ్యము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత ఖాళీ స్థలమున కొత్తగా కట్టుకొనువారి నుద్దేశించినది. కాపురమున్న యింటినే పగులగొట్టి బాగుచేయించుకొనువారి కష్టమును గూర్చి అందు ప్రస్తావన లేదు. వేరొకచోట అద్దె యిచ్చుకొనలేక పెక్కు కుటుంబములు తాపీపని సాగుచున్నంతకాలము ఆ యింటనే వండుకొని, తిని, నిద్రించుచుండును. ఖర్చును, అసౌకర్యమును అందరును ముందుగనే లెక్కవేసికొందురు. లెక్కకు రానిది దుమ్ము.

కంటికి కనబడు దుమ్ము కొంతసేపటికి నేలకు దిగును. అపాయకరమైనది కనబడని దుమ్మే. గ్రానైటు పలకలను, సిమెంటు గోడలను యంత్రముతో కోయునపుడు వాటియందలి సిలికా అతి సూక్ష్మరేణువులై గంటలతరబడి గాలిలో తేలుచుండును. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఊపిరితిత్తుల లోతులకు చేరు రేణువులు 5 మైక్రానులకు లోపువి. ముక్కునకు తుండుగుడ్డ కట్టుకొన్నంతమాత్రమున ఇవి ఆగవు. ఎన్95 రకపు మాస్కు కావలెను. కోతపనిని ఆరుబయట, నీరు పోయుచు చేయింపవలెను. ఇందువలన గృహస్థునికంటె నిత్యము ఆ పనిలోనే యుండు పనివానికి ఎక్కువ మేలు కలుగును. అతనికి రాగల సిలికోసిస్ వ్యాధిని నయముచేయు మందు లేదు.

పాత రంగును గీకించుట ఇంతకంటె జాగ్రత్తతో చేయవలసిన పని. తలుపులకు, కిటికీ ఊచలకు వేయు ఎనామిల్ రంగులలో సీసపు సమ్మేళనములను కలుపుట పూర్వము సామాన్యము. పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఇవి హెచ్చుగా నుండెడివి. ఇండ్లకు వేయు రంగులలో సీసము 10 లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని కేంద్రప్రభుత్వము 2016లో నియమము చేయగా, ఆ పరిమితి 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వము వేసిన రంగును సీసము కలదిగనే భావించి మెలగుట క్షేమము.

తెలుగునాట పెక్కు ఇండ్లలో గడపలకు పసుపునకు బదులు పచ్చని ఎనామిల్ పూసి, ఎర్రని బొట్లు దిద్దు అలవాటు కలదు. పండుగ పండుగకు పొరమీద పొర పూయగా, అడుగుపొర ఎన్నేండ్లదో ఇంటివారికే తెలియదు. బిడ్డ గడప దాటినదని మనము సంబరపడుదుము. ప్రాకెడు బిడ్డ పట్టుకొనునది ఆ గడపనే. పిదప ఆ చేతినే నోట పెట్టుకొనును. మింగిన సీసములో పెద్దల శరీరము గ్రహించుదానికి 4, 5 రెట్లు పసిబిడ్డ శరీరము గ్రహింపగలదు. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. చదువులోని లోపము ఏండ్లు గడచినగాని బయటపడదు. అప్పటికి పోయినది చికిత్సవలన తిరిగి రాదు. ఇంతవరకు హాని లేదనదగిన పరిమాణము లేదు. జ్వరమువలె పైకి కనబడక, రక్తపరీక్షవలననే తెలియును. గర్భిణి శరీరమునుండి శిశువునకును చేరును.

కావున పాత రంగును ఉప్పుకాగితముతో పొడిగా రుద్దించుటయు, మంటతో కాల్చి ఊడదీయించుటయు తగవు. తడిపి గీకింపవలెను. గట్టిగా అంటియున్న పూతను కదపక, దానిపైననే కొత్త రంగు వేయించుట చౌక, క్షేమము కూడ. పెచ్చులను క్రింద పరచిన ప్లాస్టిక్ పట్టాతో సహా మూటగట్టి తీసివేయవలెనేగాని పెరటి మొక్కల మొదట పోయరాదు. ఆ దినములలో గర్భిణులను, చిన్నపిల్లలను ఇంట ఉంచరాదు. అద్దెయిల్లు తీసికొనలేనివారికిని, పదిరోజులపాటు పుట్టింటికో బంధువుల యింటికో పంపుట అసాధ్యము కాదు.

మిగిలినవారికి పనికి దూరముగానున్న ఒక గదిని కేటాయించి, తలుపు సందులను తడిగుడ్డతో మూసి, పడకలనన్నిటిని అక్కడకే చేర్చవలెను. పొడి చీపురుతో ఊడ్చుట దిగిన దుమ్మును మరల లేపుటయే, తడిగుడ్డతో తుడువవలెను. నీళ్లబిందెలకు, పప్పుడబ్బాలకు మూతలుండవలెను. పనివారు రాకముందే వంట ముగించుకొను ఇల్లాలు తెలివిగలది.

పైకప్పున పాత ఆస్బెస్టాస్ రేకులున్నచో సుత్తితో పగులగొట్టింపక, తడిపి, బోల్టులు విప్పించి, ముక్కలుకాకుండ దింపింపవలెను. వాటి నార దుమ్ము క్యాన్సరుకు కారణము.

ఇక నీటి సంగతి. కొత్త శ్లాబుపై మడులు కట్టి నీరు నిలుపుట అవసరమే. సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటు కనీసము 7 దినములు తడిగా నుండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అయితే డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమ గ్రుడ్డు దశనుండి రెక్కలు వచ్చు దశకు చేరుటకును ఇంచుమించు అంతే కాలము, 7 మొదలు 10 దినములు, పట్టును. మేస్త్రి రెండు మూడు వారములు నీరు నిలుపదలచినచో, వారమునకొకమారు మడులను పూర్తిగా ఖాళీచేయించి వెంటనే నింపింపవలెను. లేక గోనెపట్టాలు పరపించి తడుపుచుండవలెను. శ్లాబునకు లోటు రాదు. సిమెంటుపనికై నీరు పట్టియుంచు పీపాలను వంచి పారబోసినంతమాత్రమున చాలదు. దోమ గ్రుడ్లు నీటి అంచున లోపలి గోడకు అంటుకొని, ఎండిన పిదపను నెలలతరబడి బ్రతికియుండును. కావున వాటిని పీచుతో రుద్ది కడిగింపవలెను.