కొలిచి కోసిన తీగ

ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరులో న్యూయార్కులోని తన ఇంట క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు కట్టి వెలిగించినాడు. నేడు అమెరికాలో ఆ మాసం వచ్చినదంటే చూరులు, పూలపొదలు సమస్తమూ దీపతోరణాలే. దీపావళికి కట్టినవానిని అప్పటిదాకా విప్పని తెలుగు లోగిళ్ళూ అక్కడ లేకపోలేదు. చూడవచ్చినవారి కన్ను దీపం మీద నిలుస్తుంది. కట్టినవాని తంటా అంతా తీగతోనే.

అంగడి తీగలకు నిర్ణీతమైన పొడవులుంటవి. పొదకూ గోడలోని సాకెట్టుకూ నడుమనున్న దూరం ఆ లెక్కకు లొంగదు. మిగిలినది చుట్టలుగా పడి నడిచేవారి కాళ్ళకు తగులుతుంది. అందువల్ల ఓపికగల గృహస్థులు తీగచుట్టను, ప్లగ్గులను వేరువేరుగా కొని, కావలసినంత కోసి తామే కూర్చుకొంటున్నారు. జంటతీగను ప్లగ్గులో పరచి మూత నొక్కితే, లోపలి లోహపు కోరలు తొడుగును చీల్చుకొని రాగిని కరచుకొంటవి. అమెరికనులు దీనికి రక్తపిశాచి పేరు పెట్టినారు. మనమైతే జలగ అని ఉందుము! గీతలున్న తీగ వెడల్పు పిన్ను వైపు రావలెను. తొడుగు మందం ప్లగ్గుకు సరిపోకుంటే కోర రాగిని సరిగా అందుకోదు. అచ్చట వేడి పుడుతుంది.

ఇంత సులభం కావడమే అపాయం. అంగడి దీపదండ ప్లగ్గులో చిన్న ఫ్యూజు ఉంటుంది. చేతితో కూర్చినదానిలో ఉండదు. ఈ ప్లగ్గులు సాధారణంగా 8 ఆంపియర్లకు ఏర్పడినవి. ఇంటి బ్రేకరు 15 దాటితేగాని కదలదు. 7 వాట్ల పాత బల్బులు 200 తగిలిస్తే, 120 వోల్టుల వద్ద 12 ఆంపియర్లకు కొంచెమే తక్కువ. బ్రేకరు నిద్రపోతుంది, తీగ కాగుతుంది. ఎల్.ఇ.డి. దీపాలు వచ్చిన తరువాత ఈ భయం చాలవరకు తగ్గినది.

తగ్గనిది మరొకటి ఉన్నది. దండ అంతా చూరుకు కట్టిన పిమ్మటగాని తెలియదు, పిన్నులున్న కొస ఆవలికి పోయినదని. ఈవల మిగిలినది రంధ్రాల కొస. రెండు కొసలా పిన్నులున్న తీగ ఒకటుంటే సరిపోవును గదా అని తోస్తుంది. అడిగితే మంచి వర్తకుడు లేదంటాడు. కాని కత్తెర, ప్లగ్గులు చేతనున్నవానికి అది రెండు నిమిషాల పని. దాని ఒక కొసను గోడకు గుచ్చినాడా, రెండవ కొసన పైకి పొడుచుకొని ఉన్న పిన్నులలో విద్యుత్తు సిద్ధంగా ఉంటుంది. పసివాని వేలు చాలును. పోనీ ముందుగా దండకే తగిలించినా, ఆవలి కొసనున్న పిన్నులకూ అది చేరుతుంది.

చలిలోనైనా సరే, నిచ్చెన మళ్ళీ వేసుకొని, దండను విప్పి, తిప్పి కట్టవలసినదే.