తన గొంతు తానే వినకూడని యంత్రం

ఇంటి సెల్ సిగ్నల్ బూస్టర్‌లో ఉండేవి మూడే. పైకప్పు మీద టవర్ వైపు తిప్పి బిగించే యాంటెన్నా ఒకటి, ఇంటి లోపల ఇంకో చిన్న యాంటెన్నా, రెంటినీ కేబుళ్లతో కలిపే యాంప్లిఫయర్. టవర్ నుంచి నీరసంగా వచ్చిన సిగ్నల్‌ను బయటి యాంటెన్నా పట్టుకుంటే యాంప్లిఫయర్ పెంచుతుంది, లోపలి యాంటెన్నా గదుల్లోకి వదులుతుంది. ఫోన్ నుంచి టవర్‌కు పోయే సిగ్నల్‌ది ఇదే దారి, ఎదురు దిశలో. రౌటర్‌తో దీనికి పనే లేదు, ఇంట్లో ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. అయినా చాలా ఇళ్లలో రెండూ టీవీ స్టాండు మీద పక్కపక్కనే ఉంటాయి. ప్లగ్గు అక్కడుంటుంది గనక.

బూస్టర్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మూలం రౌటర్ కాదు, బూస్టరే. అది ఏ ఫ్రీక్వెన్సీలో వింటుందో అదే ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. లోపలి యాంటెన్నా వదిలిన సిగ్నల్ గోడలు దాటి బయటి యాంటెన్నాకు చేరితే, అది మళ్లీ పెరిగి లోపలికి వస్తుంది, మళ్లీ బయటికి పోతుంది. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు ముందుకు తెచ్చినప్పుడు లేచే కూత ఇలాగే పుడుతుంది. బూస్టర్ కూత చెవికి వినపడదు గానీ టవర్‌కు తగులుతుంది. ఆ చుట్టుపక్కల వాళ్ల కాల్స్ కూడా చెడతాయి.

ఈ కూత సెల్‌ఫోన్లతో పుట్టింది కాదు. 1915లో న్యూయార్క్–శాన్‌ఫ్రాన్సిస్కో టెలిఫోన్ లైను మొదలైనప్పుడు దారిలో మాటను పెంచే వాక్యూమ్ ట్యూబ్ రిపీటర్లు పెట్టారు. మాట రెండు వైపులా నడవాలి గనక, ఒక దిశలో పెంచిన మాట రెండో దిశ యాంప్లిఫయర్‌లోకి లీకైతే లైను కూత పెట్టేది. దానికి విరుగుడుగా ఇంజినీర్లు అసలు లైనుకు సరితూగే నకిలీ లైనును ఎదురుగా నిలిపి, హైబ్రిడ్ కాయిల్ సాయంతో ఆ లీకును కొట్టివేసేవారు.

టెలిఫోన్ వాళ్లను వేధించిన ఈ గుణమే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు నిధి అయింది. 1912లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే, ట్యూబ్ నుంచి వెలువడిన సిగ్నల్‌లో కొంత తిరిగి దాని ముందుకే పంపి బలాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. ఇంకాస్త ఎక్కువ పంపితే ట్యూబ్ తనంతట తానే తరంగాలు పుట్టించసాగింది. రేడియో ట్రాన్స్‌మిటర్లకు అదే దారి తెరిచింది. ఆ ట్యూబ్‌ను కనిపెట్టిన లీ డి ఫారెస్ట్ ఈ ఆలోచనా తనదేనన్నాడు. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాక 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పిచ్చింది. రేడియో ఇంజినీర్ల సంస్థ తనకు ఇదివరకే ఇచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగిచ్చేయబోతే వాళ్లు తీసుకోలేదు. డి ఫారెస్ట్ తన ట్యూబ్ పనితీరునే సరిగా వివరించలేకపోయాడు. కాబట్టి న్యాయం ఇంజినీర్ల వైపే ఉందనాలి.

బూస్టర్ కూత పెట్టకుండా ఉండాలంటే ఒకటే షరతు: అది పెంచేదానికన్నా, యాంటెన్నాల మధ్య దారిలో తరిగేది ఎక్కువ కావాలి. 65 డెసిబెల్స్ పెంచే బూస్టర్ అంటే సిగ్నల్‌ను 30 లక్షల రెట్లకు పైగా పెంచేది. భద్రత కోసం ఇంకో 15 కలిపితే తరుగు 80 డెసిబెల్స్ ఉండాలి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర, అడ్డేమీ లేని 10 మీటర్ల దూరం ఇచ్చేది సుమారు 51 మాత్రమే. దూరం రెట్టింపైన ప్రతిసారీ మరో 6 కలుస్తాయి, అంతే. దూరంతోనే లోటు పూడ్చాలంటే యాంటెన్నాల మధ్య పావు కిలోమీటరు దాటాలి! అందుకే మిగతాది వేరే మార్గాల్లో రాబట్టాలి. బయట ఒకే దిశలో వినే యాంటెన్నా పెట్టి దాని వీపు ఇంటివైపు ఉంచాలి. మధ్యలో ఇనుప కడ్డీల స్లాబు ఉంటే మేలు. పక్కకు ఎడం కన్నా పైకీ కిందికీ ఎడం ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే నిలువు యాంటెన్నా తన నెత్తి మీదికి, పాదాల కిందికి చాలా తక్కువ ప్రసరిస్తుంది. కేబుల్ పొడవు మాత్రం అతిగా పెంచకూడదు. దారిలోనే సిగ్నల్‌ను తినేస్తుంది.

ఇక రౌటర్. టవర్ సిగ్నల్ బలహీనంగా ఉన్న ఇంట్లో, రౌటర్ వదిలే వైఫై దానికి లక్ష కోట్ల రెట్లు ఉండొచ్చు. రెంటివీ వేర్వేరు ఫ్రీక్వెన్సీలే, బూస్టర్‌లో ఫిల్టర్లూ ఉంటాయి. కానీ ఏ ఫిల్టరూ గోడ కాదు. పైగా మన 4జీలో వాడే 2300–2400 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ముగిసినచోటే వైఫై మొదలవుతుంది. లోపలి యాంటెన్నా రౌటర్‌కు జానెడు దూరంలో ఉంటే యాంప్లిఫయర్ ఆ హోరుకు తట్టుకోలేక అసలు సిగ్నల్‌ను పాడుచేస్తుంది. రెండు మీటర్లు జరిపితే ఆ హోరు వందో వంతుకు పడిపోతుంది. ఆరేడు అడుగుల ఎడం చాలు. రౌటర్ సిమ్‌తో నడిచేదైతే అదీ ఒక ఫోనే. మరీ దగ్గరుంటే బూస్టర్ తన బలం తగ్గించుకుంటుంది, దూరపు గదిలోని ఫోన్‌కు నష్టం.

అమెరికాలో 2014 నుంచి అమ్మే బూస్టర్లకు అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కఠినమైన నిబంధన పెట్టింది. కూత మొదలైతే టవర్ వైపు దిశలో 0.3 సెకన్లలో, ఫోన్ వైపు దిశలో ఒక సెకనులో అణచాలి. కనీసం ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు. అయిదుసార్లూ కూతే వస్తే మనిషి వచ్చి రీసెట్ చేసేదాకా అది మేలుకోకూడదు. కొన్నవాళ్లు తమ టెలికాం సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి కూడా.

మన దేశంలో లైసెన్సున్న టెలికాం సంస్థలు తప్ప ఎవరూ బూస్టర్ పెట్టకూడదు. ఇంట్లో సిగ్నల్ అందకపోతే సంస్థకే ఫిర్యాదు చేయాలి, లేదా వైఫై కాలింగ్ వాడుకోవాలి. ఎయిర్‌టెల్ దీన్ని 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో తెచ్చాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు, కాల్ రౌటర్ గుండా పోతుంది. అప్పుడు చోటు చూడాల్సింది రౌటర్‌కే: ఇంటి నడుమ, కాస్త ఎత్తులో, ఇనుప బీరువాకు దూరంగా.