ఇరుగుపొరుగు తగవులు - పోలీసు ఠాణా

ఉప్పల్, నాచారము ఒకనాడు హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న పల్లెలు. వరంగల్లు రహదారి ఉప్పల్‌ను పెంచినది. పారిశ్రామికవాడ నాచారమును పెంచినది. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. 2016లో సైబరాబాదు నుండి విడదీసి రాచకొండ పోలీసు కమిషనరేటును ఏర్పరచినపుడు ఈ రెండు ఠాణాలును అందులో చేరినవి. మరుసటి యేడు మెట్రో రైలు వచ్చినది. నేడు ఒకే సందులో పాత ఊరి కుటుంబము, కర్మాగారములో పనికై దూర రాష్ట్రమునుండి వచ్చిన కూలీలు, అపార్టుమెంటు కొని కొత్తగా దిగిన ఉద్యోగి పక్కపక్కన కాపురముందురు. ఒకరి భాష ఒకరికి సగమే తెలియును. ఊరిలోనైతే రచ్చబండ యున్నది, పెద్దమనుషులున్నారు. కొత్త కాలనీలో తగవు వచ్చినచో అందరకు తోచు పెద్దదిక్కు పోలీసు ఠాణా యొక్కటే.

ఎటువంటి తగవులు ఠాణా కెక్కునో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. వాకిట అడ్డముగా నిలిపిన మోటారు బండి, ప్రహరీగోడ మీదికి వంగిన కొమ్మ, అద్దె బకాయి, బోరునీరు, అర్ధరాత్రి దాక మ్రోగు పెండ్లి బాజాలు. ఒక దృష్టాంతము కల్పించి చూతము. పై యింటివారి తూము నీరు క్రింది యింటి వాకిట పడుచున్నది. మొదట మాట, పిమ్మట తిట్టు, ఆపై పిల్లల కొట్లాట. క్రింది యింటాయన ఠాణాకు పోయి దరఖాస్తు వ్రాసి యిచ్చును. మరునాడు పై యింటాయన మరొకటి యిచ్చును. అందులో తూము ఊసే యుండదు, చంపెదనని బెదిరించినాడని మాత్రము ఉండును. ఠాణాలో ఇద్దరిని నిలబెట్టి, గద్దించి పంపుదురు. ఇద్దరును తలయూపి బయటికి వత్తురు. పోలీసులు అవతలివాని పక్షమే వహించినారని ఇద్దరును అనుకొందురు. తూము నీరు వెనుకటివలెనే పడుచుండును.

ఇచ్చట పోలీసులను తప్పుపట్టుట సులభము. కాని చట్టము వారి చేతికిచ్చినది ఎంతయో చూడవలెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షను ప్రకారము, వారంటు లేనిదే పట్టుకొనుటకు వీలులేని చిన్న నేరమును గూర్చి ఫిర్యాదు వచ్చినచో, దానిని పుస్తకములో వ్రాసికొని ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు వద్దకు పంపవలెను. శాంతిభంగము కలుగునను భయమున్నచో 126వ సెక్షను క్రింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు పూచీకత్తు అడుగవచ్చును. గోడ ఎవరిది, బకాయి ఎంత, తూము ఎటు త్రిప్పవలెను అనునవి సివిలు తగవులు. వీనిని తీర్చు అధికారము ఇన్‌స్పెక్టరుకు లేదు. లేని అధికారమును చెలాయించుటకే మన వాడుకలో 'సెటిల్మెంటు' అని పేరు. ఆంగ్లములో ఎంతో మర్యాదగల ఆ మాట మన వీథులలో ఎంత అపకీర్తి మూటగట్టుకొన్నదో చూడుడు!

కాబట్టి పోలీసులు చేయగల మేలు తీర్పు చెప్పుటలో లేదు. తగవును మధ్యవర్తుల వద్దకు చేర్చుటలో నున్నది. తీర్పరికిని మధ్యవర్తికిని చాల భేదమున్నది. తీర్పరి తప్పు ఎవరిదో చెప్పును. మధ్యవర్తి ఆ జోలికి పోడు. ఇరువురి మాటలను విడివిడిగాను, పిదప కలిపియు వినును; అడిగినదాని వెనుకనున్న అక్కర ఏమో కనుగొనును. మన దృష్టాంతములో క్రింది యింటాయనకు కావలసినది పైవానిని జైలుకు పంపుట కాదు, వాకిలి ఆరియుండుట. పై యింటాయనకు గొట్టము వేయించుటకు అభ్యంతరము లేకపోవచ్చును. పదిమంది ఎదుట తిట్లు తిన్న సంగతియే మింగుడుపడలేదు. ఖర్చు ఎవరిదో, గొట్టము ఎన్నాళ్లలో పడవలెనో కాగితము మీద వ్రాసి సంతకములు చేయవచ్చును. తిట్టినందుకు విచారము తెలుపుటకు కాగితము అక్కరలేదు, ఎదురెదురుగా నోటితో చెప్పిన చాలును.

ఇది కేవలము ఊహ కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన మధ్యవర్తిత్వ చట్టములో సామాజిక మధ్యవర్తిత్వమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. ఒక ప్రాంతమునందలి కుటుంబముల మధ్య, నివాసుల మధ్య శాంతికి భంగము కలిగించు తగవులను, ఉభయులు ముందుగా సమ్మతించిన మీదట, ముగ్గురు మధ్యవర్తుల సంఘము ముందుంచవచ్చును. నివాసుల సంక్షేమ సంఘముల ప్రతినిధులు, ఆ చోట మంచిపేరుగల వారు ఇందుకు అర్హులు. కుదిరిన ఒప్పందము శాంతి కొరకే గాని, కోర్టు డిక్రీవలె అమలు జరుపుటకు వీలుకాదు. ఇది లోపమని కొందరందురు. గోడకు గోడ ఆనుకొని బ్రదుకువారికి డిక్రీ కంటె సమ్మతియే ఎక్కువ కాలము నిలుచునని నా అభిప్రాయము. ఈ చట్టపు విభాగములను విడతలుగా అమలులోకి తెచ్చు ఏర్పాటున్నది గనుక, దరఖాస్తు చేయుటకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో విచారించుట మంచిది. డబ్బుతో ముడిపడిన తగవునకు డిక్రీ బలమే కావలెనన్నచో లోక్ అదాలతు ఉన్నది. దావా వేయకముందే అచ్చటికి పోవచ్చును. అచ్చట రాజీపై ఇచ్చిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు.

పోలీసులు పెత్తనము విడిచి పొందిక కుదిర్చినపుడు ఏమి జరుగునో మహారాష్ట్రలోని భివండీ చూపినది. 1984లో మతకలహములతో అట్టుడికిన మరమగ్గాల పట్టణమది. 1988లో అచ్చటికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకు మొహల్లా కమిటీలు ఏర్పరచి, ఉభయ మతముల సామాన్యులను పోలీసులతో ఒకచోట కూర్చుండజేసినారు. 1992-93లో పొరుగుననున్న బొంబాయి తగులబడుచుండగా భివండీ ప్రశాంతముగా నున్నది. ఆ కమిటీలలో పెద్ద మంతనములేమియు జరుగలేదు, ముఖపరిచయములు కలిగినవి. కేరళలో 2008లో మొదలిడిన జనమైత్రి పథకమున భటులు ఇంటింటికి పోవుటలోని ఉద్దేశమును అదియే.

రాజీకి హద్దు కూడ కలదు, ఆ హద్దు దాటినచో మంచి మాట అన్యాయమునకు ముసుగగును. భర్త కొట్టినాడని ఠాణాకు వచ్చిన స్త్రీని 'సర్దుకొని పొమ్మ'ని త్రిప్పి పంపుట మధ్యవర్తిత్వము కాదు. కులము పేర అవమానింపబడినవానిని పెద్దల ఎదుట చేతులు కలుపుమనుటయు అట్టిదే. కేసు పెట్టదగిన నేరము ఫిర్యాదులో కనిపించినచో ప్రథమ సమాచార నివేదిక నమోదు చేసి తీరవలెనని లలితకుమారి కేసులో 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. కుటుంబ కలహముల వంటి కొన్నిట ముందుగా ప్రాథమిక విచారణకు తావిచ్చినది. అదియు నేరమున్నదో లేదో తెలిసికొనుటకే గాని రాజీ కుదుర్చుటకు కాదు.

ఉప్పల్‌లోనైనను నాచారములోనైనను ఠాణా బల్లయొద్ద కూర్చున్న కానిస్టేబులుపై ఉన్న భారము ఇదియే: వచ్చిన కాగితములో నేరమెంత, తగవెంత అని విడదీయుట. నేరమైనచో నమోదు చేయవలెను. తగవైనచో రసీదిచ్చి, న్యాయసేవా సంస్థకు దారి చూపి, వారము దినముల తరువాత గస్తీకి పోవునపుడు ఆ సందులో ఒక్క నిమిషమాగి, గొట్టము పడినదా అని అడిగి రావలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆ సంస్థ ఉచితముగా న్యాయసహాయము చేయును. జాతీయ న్యాయసేవా సంస్థ సహాయవాణి సంఖ్య 15100.