చేపల పులుసు ఏం తప్పు చేసింది?

మా అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చేపల పులుసు లేకపోతే ఆవిడకి అది ఆదివారమే కాదు. పోయినేడాది కీమోథెరపీ మొదలయ్యాక, హాస్పిటల్‌కి వెళ్ళే రోజు పొద్దున్నే లేచి పిన్ని అదే వండి పెట్టేది. ఇష్టమైనదైతే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుందని. మూడోసారి తర్వాత, ఆ గిన్నె మూత తీస్తేనే అమ్మమ్మ మొహం తిప్పేసుకుంది. "నా చేతి వంట నచ్చట్లేదేమో" అని పిన్ని వంటింట్లో ఏడ్చింది. అమ్మమ్మకీ కారణం తెలీదు. "పులుసు బాగానే ఉందే, నాకే పోవట్లేదు" అనేది.

ఈ సెమిస్టర్ సైకాలజీ క్లాసులో జాన్ గార్సియా గురించి విన్నప్పుడు నాకు ఆ గిన్నె గుర్తొచ్చింది.

గార్సియా 1950లలో అమెరికాలో ఎలుకల మీద రేడియేషన్ ప్రభావం చూసేవాడు. 1955లో వచ్చిన పేపర్‌లో సంగతి ఇది: ఎలుకలకి శాకరిన్ కలిపిన తీపి నీళ్ళు ఇస్తూ గామా కిరణాలు తగిలేలా చేశారు. ఆ తర్వాత మామూలు నీళ్ళు, తీపి నీళ్ళు పక్కపక్కన పెడితే, అవి తీపి నీళ్ళు తాగడం బాగా తగ్గించేశాయి. ఒంట్లో బాగోకపోవడానికి కారణం రేడియేషన్. నింద మాత్రం శాకరిన్‌కి!

1966లో ఇంకో ప్రయోగం. ఎలుక నీళ్ళు తాగుతుంటే రుచితో పాటు లైటు, చప్పుడు కూడా వచ్చేలా పెట్టారు. కడుపు పాడైన ఎలుకలు రుచికి దూరమయ్యాయి. కాళ్ళకి కరెంట్ షాక్ తగిలిన ఎలుకలు లైటుకీ చప్పుడుకీ భయపడ్డాయి. అంటే మెదడులో ఒక రూల్ ముందే రాసి ఉంది: కడుపులో తేడా వస్తే, తిన్నదాన్ని పట్టుకో. మా బ్రాంచ్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సర్వర్ క్రాష్ అవగానే లాగ్స్ కూడా చూడకుండా లాస్ట్ కమిట్‌ని తీసేయడం. తిన్న కొన్ని గంటలకి వికారం వచ్చినా ఈ రూల్ పనిచేస్తుంది, ఒక్కసారి జరిగినా చాలు. విషపు కాయ తిన్న జంతువుకి పది ఛాన్సులు ఉండవు కదా. కారణం వేరే అని మనకి తెలిసినా అది వినదు. అందుకే అమ్మమ్మ పులుసు బాగుందంటూనే తినలేకపోయింది.

1978లో సియాటిల్‌లో ఇలీన్ బెర్న్‌స్టైన్ ఇదే విషయాన్ని పిల్లల్లో చూసింది. కీమోకి ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లల్లో, తర్వాత మళ్ళీ దాన్నే కోరుకున్నవాళ్ళు చాలా తక్కువ. 1987లో బెర్న్‌స్టైన్, బ్రోబెర్గ్ కలిసి ఒక ఉపాయం కూడా పరీక్షించారు. భోజనానికీ కీమోకీ మధ్యలో ఘాటైన రుచి ఉన్న చాక్లెట్ బిళ్ళ ఇచ్చారు. నింద చాలావరకు బిళ్ళ మీదకి పోయింది, భోజనం కాస్త బతికిపోయింది. (కీమో మందులు నోటి రుచినే మార్చేస్తాయి కూడా. కాబట్టి అంతా దీనివల్లే అని నేను అనను.)

పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అయితే నా వంట కాదన్నమాట" అంది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు కీమో రోజు ఇంట్లో చేపలు వండరు. ఇడ్లీ తిని బయల్దేరతారు. డాక్టర్‌ని అడిగి, దారిలో అమ్మమ్మ చేతిలో ఒక పైనాపిల్ బిళ్ళ పెడతారు. పులుసు జోలికి ఆవిడ ఇంకా రాలేదు. ఇడ్లీ మాత్రం తింటోంది. పైనాపిల్ వాసన వస్తేనే వికారంగా ఉందంటోందట. పిన్ని ఆ మాట ఎంత సంతోషంగా చెప్పిందో!