తలవంచుకునే పూలు.. గ్లవ్స్ లేకుండా తాకొద్దు!

సియాటిల్ చుట్టుపక్కల పెరడున్న ఇల్లు తీసుకున్న మనవాళ్లకి ఫిబ్రవరిలో ఓ సర్‌ప్రైజ్ ఉంటుంది. తోటంతా ముసురుకి ముడుచుకుని పడుకున్న టైమ్‌లో, ఏ చెట్టు కిందో తెల్లగానో, ముదురు వంకాయ రంగులోనో పూలు తల వంచుకుని కనిపిస్తాయి. పాత ఓనర్లు ఎప్పుడో నాటిన హెలెబోర్లు అవి. మా పెరట్లో ఆరు మొక్కలున్నాయి. వీడియో కాల్‌లో చూసి అమ్మ, "అన్ని పూశాయి కదరా, నాలుగు కోసి దేవుడికి పెట్టు" అంది.

కోయొచ్చు, కానీ గ్లవ్స్ వేసుకుని. ఆకు, పువ్వు, గింజ, వేరు.. అన్నీ విషమే. నోట్లోకి వెళ్తే వాంతులు, విరేచనాలు. కొన్ని రకాల్లో గుండె మీద పనిచేసే పదార్థాలు కూడా ఉంటాయి. రసం తగిలితే చర్మం మండుతుంది. జింకలే వీటి జోలికి పెద్దగా రావు. ఇంట్లో పాకే పిల్లలున్నా, కుక్క ఉన్నా ముందు అడ్డు కట్టండి, అందం తర్వాత చూద్దాం.

"క్రిస్మస్ రోజ్" అని అమ్ముతారు గానీ గులాబీతో సంబంధమే లేదు. మన కలోంజీకి చుట్టం ఇది. రేకుల్లా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు. అసలు రేకులు మధ్యలో చిన్న చిన్న తేనె గొట్టాలుగా మారిపోయాయి (ఎంపీసీ వాణ్ని, నాకు కొత్త సంగతే). అందుకే పువ్వు వారానికే రాలిపోదు. మెల్లగా పచ్చబడుతూ నెలల తరబడి ఉంటుంది.

రకం తెలియాలంటే కాడ చూడండి. ఆకులున్న కాండం కొసనే పూలొస్తే రెండు రకాల్లో ఒకటి కావచ్చు. వేళ్లలా చీలిన సన్నటి ఆకులు, ఎర్ర అంచున్న లేతాకుపచ్చ గంటలు అయితే ఫీటిడస్. మూడు ముక్కల ఆకు, అంచుల్లో ముళ్లలాంటి పళ్లు అయితే కోర్సికన్. అలా కాకుండా ఆకులూ పూలూ నేలలోంచి వేర్వేరు కాడల మీద వస్తే నైగర్ గానీ, లెంటెన్ రోజ్ అనే హైబ్రిడ్ గానీ. నైగర్ తెల్లగా పూస్తుంది, పేరులో నలుపు దాని వేళ్లది. వంకాయ రంగు, చుక్కలు, తలవంపు ఉంటే దాదాపు హైబ్రిడ్డే.

ఈ తేడా కత్తెర పట్టే ముందు తెలియాలి. హైబ్రిడ్‌కి మొగ్గ లేచేలోపే పాత ఆకులన్నీ కోసేయొచ్చు. ఫీటిడస్‌కి అదే పని చేశారో, ఆ ఏడాది పూలు కూడా పోయినట్టే. దాని కాండం పూత అయ్యాకే కోయాలి. మిగతాది సులువు: ఆకు రాల్చే చెట్టు నీడ, నీళ్లు నిలవని నేల. మొదలు లోతుగా పాతకండి, కుళ్లిపోతుంది.

అసలు భయం నల్లమచ్చలతో. ఆకు మీద గుండ్రటి మచ్చలైతే ఫంగస్, ఆ ఆకులు తీసి చెత్తలో వేస్తే చాలు. ఈనెల వెంట నల్లటి చారలు, లేతాకు మెలితిరిగి గిడసబారడం కనిపిస్తే మాత్రం అది "బ్లాక్ డెత్" అనే వైరస్. మందు లేదు. పేనుబంక దాన్ని పక్క మొక్కలకి మోస్తుంది. మా వాటిలో అన్నిటికన్నా పెద్దది, వంకాయ రంగుది, ఈ మార్చిలో అలా మారింది. ఫొటో యాప్ ఫంగస్ అంది. కానీ చారలు లేతాకుల్లోకీ పాకాయి. వేళ్లతో సహా తవ్వి, కంపోస్టులో కాకుండా సంచిలో కట్టి పారేశాను. గింజ రాలి మొలిచిన పిల్ల పూయాలంటే మూడేళ్లు, అదీ తల్లి రంగే వస్తుందని గ్యారంటీ లేదు. మిగిలిన ఐదింటి ఆకుల అడుగులు ఇప్పుడు ప్రతి శనివారం తిరగేసి చూస్తున్నాను.